మోకు విప్పని పడవ

సిరొంచ రేవులో ముప్పై రెండేళ్లు పడవ నడిపాను. ఒక్క ప్రాణం కూడా పోనివ్వలేదు. మరాఠీ బడిలో ఏడు చదివాను, మూడు లిపుల్లో సంతకం చేస్తాను. వంతెన వచ్చాక రేవు మూగబోయింది. అయినా నన్ను ఇప్పటికీ "నట్టేట కాన్పయినా పడవ ఊగనియ్యని ఇషాక్" అంటారు.

ఆ కాన్పులో పుట్టిన నవత ఇప్పుడు ఆస్ట్రేలియాలో నర్సు. అక్కడ శాశ్వతంగా ఉండేందుకు దరఖాస్తు పెట్టింది. పాస్‌పోర్టులో పుట్టిన ఊరు సిరొంచ. తొలికాన్పుకు పుట్టింటికి బయలుదేరిన తల్లి యాదక్క మాత్రం జనన ధ్రువపత్రంలో అవతలి ఒడ్డున, కాళేశ్వరంలో పుట్టిందని రాయించింది. చూసినవాళ్లు ఏది నిజమో రాసివ్వకపోతే దరఖాస్తు ఆగిపోతుందట.

ఆ మధ్య యాదక్క ఫోన్ పట్టుకొని వచ్చింది.

"ఇషాకన్నా, నొప్పులల్ల నాకేం సోయున్నది? నువ్వే జర రాసియ్యి."

"ఏటి నడుమ అని రాయకు మామా, చేపల పంచాయతి ఎక్కడున్నదని అడుగుతరు!" అంది ఫోన్‌లో నవత.

నాకు ఆనాటి ఎర్రనీళ్లు, చీరలు అడ్డం పట్టిన ఆడవాళ్లు, పసిగుడ్డు తొలి ఏడుపు గుర్తొచ్చాయి. పడవను కట్టిన మోకు కూడా, నా చేతిలో ఇంకా విప్పకుండానే.

"బిడ్డా, పడవ ఒడ్డు ఇడువనే లేదు. నువ్వు సిరొంచలనే పుట్టినవ్."

"మరి గిన్నేండ్లు నట్టేట అంటివి గదనే!" అంది యాదక్క.

"ఒడ్డు మీద అంటే ఎవలింటరు చెల్లే?"

ఉన్నదున్నట్టు రాసి, మూడు లిపుల్లోనూ సంతకం పెట్టాను. నాలుగు నెలలకు నవతకు అనుమతి వచ్చింది. ఆ రోజు పడవను ఊగనివ్వనిది నా చెయ్యి కాదు, ఒడ్డున పాతిన గుంజ. ఆ గుంజను పాతింది మాత్రం నేనే.