కింది బల్ల

కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసే ముందు ఆర్మస్ ప్రతిసారీ గరిటె గాలిలో ఆపి, "పోయనా?" అని అడుగుతాడు. ఊళ్ళో కలప మిల్లు అతనిది. సరస్సు ఒడ్డున ఉన్న ఈ చెక్క ఆవిరిగది అతని తండ్రి కట్టించింది. ఇక్కడికి వచ్చేవాడు బట్టలతో పాటు హోదాను కూడా కొక్కేనికి తగిలించి రావాలని ఆయన అనేవాడు. ఆర్మస్ తు.చ. తప్పకుండా పాటించిన తండ్రి మాట అదొక్కటే. మిల్లులో రంపం నడిపే తౌనో కుర్రతనం నుంచీ ప్రతి శనివారం పై బల్ల మీద అతని పక్కనే కూర్చుని, "పొయ్యరా పిసినారీ, రాళ్ళు నిన్ను చూసి నవ్వుతున్నాయి!" అనేవాడు.

శుక్రవారం ఆర్మస్ మిల్లు మూసేస్తున్నానని పనివాళ్ళందరికీ చెప్పాడు. శనివారం తౌనో రావడమైతే వచ్చాడు గాని, పిల్లలు కూర్చునే కింది బల్ల మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"పైకి రారా, అక్కడ వేడి తగలదు."

"ఇక్కడ బాగానే ఉందండి."

ఆర్మస్ గరిటె ఎత్తాడు. "పోయనా?"

"మీ ఇష్టం అయ్యగారూ. గది మీది."

గరిటెలో నీళ్ళు ఆర్మస్ మోకాలి మీదే ఒలికాయి.

మర్నాడు పొద్దున ఆర్మస్ ఒక్కడే వచ్చాడు. కొక్కెం దగ్గర కాసేపు నిలబడ్డాడు. తర్వాత కోటు విప్పకుండానే లోపలికి వెళ్ళి, చల్లారిన రాళ్ళకు ఎదురుగా కింది బల్ల మీద కూర్చున్నాడు.