బిడ్డ చేసిన పీటకు రంగు పూశాను

తాండూరులో బండలు పాలిష్ చేసే కార్ఖానాలో చాలా ఏళ్ళు పనిచేశాను. ఇల్లు వికారాబాద్‌లో. రోజూ రైల్లో పోయి వచ్చేదాన్ని. అక్షరాలు మాత్రం యాభై దాటాకే, మహిళా సంఘం పెట్టిన బడిలో నేర్చుకున్నాను.

నా బిడ్డ హైదరాబాద్‌లో డిజైన్ చదువుతుంది. ఆఖరి పరీక్షకు మా ఇంట్లోనే తాండూరు బండతో ఒక పీట చేసింది. రెండు నిలువు బండలు, వాటి గాడుల్లో బిగుతుగా కూర్చునే ఒక అడ్డబండ. సిమెంటు లేదు, పాలిష్ లేదు.

"పెండ్లిపిల్లను బోసి మెడతోని కూసోవెట్టినట్టున్నది గదనే," అన్నాను.

"ఎన్కట జర్మనీల ఒక బడి ఉండెనమ్మా. వస్తువు మంచిగ పనికొస్తె గదే దాని అందం, మీదికెళ్లి సింగారం ఎందుకన్నరు గా బడోళ్లు. మా సార్లు గదే నేర్పుతరు. నువ్వు జర చెయ్యి పెట్టకు."

సరేనన్నాను. ఆమె రెండు రోజులు హాస్టల్‌కు పోయింది. ఆ లోపల పక్కింటామె వచ్చి, "గిదేందక్కా, సమాధి బండ లెక్క?" అని నవ్వింది. నాకు మనసు పట్టలేదు. ఇంట్లో గడపకు వేసే పసుపు రంగు మిగిలి ఉంది. అడ్డబండ అంచులనిండా పూసి, ఎర్ర బొట్లు పెట్టాను. పైన కొత్తగా వచ్చిన అక్షరాలతో బిడ్డ పేరు రాశాను. మురిసిపోయాను కూడా.

తిరిగొచ్చి చూసి ఆమె అరవలేదు. "మూడు రోజుల్ల పరీక్షనే అమ్మా," అని నేలమీద కూలబడింది.

కిరోసిన్‌తో రుద్దినా రంగు పోలేదు. పాలిష్ లేని బండ రంగును తాగేస్తుంది. ఆ సంగతి నాకు తెలియనిదా? తెలిసే పూశాను. తాండూరు తీసుకుపోయి మిషన్ మీద అరగదీయించాం. రంగు పోయింది. దాంతోపాటు కొంచెం బండ కూడా పోయి, అడ్డబండ గాడుల్లో వదులైంది.

పరీక్షరోజు ఇంటివాళ్ళనూ రానిచ్చారు. సారు పీట మీద చెయ్యి ఆనించగానే అది కదిలింది.

"కొలత తప్పిందా?" అన్నాడు.

"తప్పింది సార్. నాదే పొరపాటు," అంది నా బిడ్డ. నా వైపు చూడలేదు.

ఆయన నా దిక్కు తిరిగి, "మీరు బండల పని చేసినోళ్లట గదమ్మా. ఏమంటరు?" అని అడిగాడు.

"మంచిగున్నది సార్," అన్నాను.