ఊరికే వచ్చిన బొమ్మ మీది గీతలు

డుంబ్రిగుడలో మా జిరాక్సు, ఫ్లెక్సీల కొట్టుకి ఆ వానాకాలం ఒక నర్సమ్మ వచ్చింది. సాలూరు వైపు మనిషి. కొండ మీది ఊళ్లలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు ఆపేస్తే విరేచనం కూడా ఆగుతుందని తల్లుల నమ్మకం. ఒళ్లు ఎండిపోయి ప్రాణం మీదికి వచ్చేది అందుకే. చదువు రానివాళ్లకూ తెలిసేలా, బిడ్డకు ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తున్న తల్లి బొమ్మ సంతలో కట్టాలంది.

"నెట్లో ఊరికే దొరుకుతాయట కదా అన్నయ్యా, బేగి తియ్యండి."

ఊరికే అనే మాట నాకు పడదు. ఎవరో కెమెరా కొన్నారు, ఎవరో తీశారు. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడినట్టు? ఒక బొమ్మలో పాకెట్టంతా గ్లాసులో పోస్తున్నారు. పాకెట్టు లీటరు నీళ్లకి కదా, వద్దన్నాను. ఇంకొకటి బాగుంది. ఉచితం అని రాసి ఉంది. తీరా దింపితే బొమ్మ మీద మూల నుంచి మూలకు రెండు తెల్లని గీతలు. గీతలు లేనిది కావాలంటే బ్యాంకు కార్డు నంబరు అడుగుతోంది.

"గీతలు సెరిపీలేరేటి?"

"చెరిపితే దొంగతనం తల్లీ. వాళ్లు ఊరికే ఇచ్చింది గీతలతోనే."

"మీ అనుమానం సల్లగుండ! అలాగే కొట్టీండి."

సంత రోజున ఫ్లెక్సీ కింద కూర్చుని నర్సమ్మ నీళ్లు కలిపింది. ఒకామె భుజాన బిడ్డ వేలాడిపోయి ఉన్నాడు. కళ్లు లోతుకుపోయాయి. చెంచా దగ్గరికి రాగానే ఆమె వాణ్ణి వెనక్కి లాక్కుంది.

"ఒద్దు. నీళ్లు ఇయ్యొద్దని మీరే ఇంటూ ఏసి కట్టేరు కదేటి!"

తలెత్తి ఫ్లెక్సీ చూశాను. ఆ రెండు గీతలూ అచ్చం ఇంటూ గుర్తులాగే ఉన్నాయి. బీడీ బొమ్మ మీద ఇంటూ కొట్టి, తాగకూడదని ఇదే సంతలో వేసవిలో కట్టింది కూడా మేమే. నా అనుమానమంతా బొమ్మ ఇచ్చినవాళ్ల మీదే పెట్టాను. చూసేవాళ్ల కంటితో ఒక్కసారీ చూడలేదు.

ఫ్లెక్సీ తాళ్లు కోసేశాను. నర్సమ్మ ముందు తను ఒక గుక్క తాగింది. ఆ తల్లి ఎగాదిగా చూసి, చెంచా తన చేతికి తీసుకుని బిడ్డ పెదాలకు ఆనించింది. నేను ఫోను తీశాను.

"ఊరికే తీత్తావేటి బావూ? నా గుంటడి మొకం ఎక్కడెక్కడ ఎడతావో!"

"మొకం ఒద్దమ్మా. నోరూ, సెంచా సాలు. కొత్త బొమ్మ ఇక్కడ కట్టడానికే."

ఆమె వాడి కళ్ల మీదికి కొంగు లాగింది. తీశాక ఫోను అందుకుని, అటూ ఇటూ తిప్పి, ముఖం లేదని రూఢి చేసుకున్నాకే తిరిగిచ్చింది. బిడ్డ నోరు తెరిచాడు. ఆమె మరో చెంచా పోసింది.