తొండ పెట్టెకు కింది కిటికీ

మా అమ్మాయి పెంచుకునే విదేశీ తొండకు చెక్క పెట్టె చేసి, మిద్దె ఇళ్ళలో పొగ పోయే గవాచిలాగా పైన మాత్రమే రంధ్రాలు పెట్టాను. బళ్ళారి ఎండకు తొండ నోరు తెరిచి ఒగర్చింది.

"గవాచి ఒక్కటుంటే చాలునా? వాకిలి తెరిస్తేనే కదప్పా పొగ పోయేది. కింద గాలి యాడ నుంచి వస్తాది?" అంది నా భార్య.

తొండను బక్కెట్లోకి మార్చి, పెట్టె అడుగున ఒక పక్క కోసి జాలీ కొట్టాను. అక్కడ అగరుబత్తి పెట్టగానే పొగ సర్రున లోపలికి దూరి, పైనుంచి బయటికొచ్చింది. ముగ్గురం సంబరంగా మళ్ళీ మళ్ళీ చూశాం. పొగంతా పోయాక లోపల వదిలితే, తొండ నోరు మూసి హాయిగా పడుకుంది.

ఇప్పుడు ఊళ్ళో గాంధీనగర్ నుంచి కూడా పెట్టెలు అడుగుతున్నారు. నిన్న ఒకాయనకు నా తెలివి వివరిస్తుంటే, "ఔనప్పా, అంతా ఈయన తలకాయే" అంటూ నా భార్య టీ ఇచ్చింది. సిగ్గేసింది. ఆ కింది జాలీ ఆలోచన ఆమెదే.