సరిహద్దు కోట ఫలకం దగ్గర నేను నోరు మెదపలేదు

దోహా నుంచి ఉత్తరానికి వెళ్ళే హైవే పక్కన ‘పాత సరిహద్దు కోట’ అని బాణం గుర్తుతో గోధుమరంగు బోర్డు ఒకటి ఉంటుంది. మూడేళ్ళుగా దాన్ని దాటి వెళ్తూనే ఉన్నాను. స్కూల్లో నా ఎనిమిదో తరగతి పిల్లలకు కోటల పాఠం వచ్చింది, ఫోటోలు తెద్దామని నెల క్రితం ఒక శుక్రవారం బయల్దేరాను.

అల్ తుమామాలో మా ఇంటి దగ్గర ఉదయం ఆరున్నరకు అద్దె కంపెనీ కారెక్కాను. రానూపోనూ రెండు వందల యాభై రియాళ్ళకు మాట్లాడుకున్నాను. డ్రైవర్ లింగన్నది జగిత్యాల వైపు, యాభై దాటిన మనిషి. దారిలో కరక్ చాయ్ తాగి, హైవే దిగి మట్టిదారి పట్టి, ఎనిమిదింటికి చేరాం. కోటంటూ పెద్దగా మిగల్లేదు. మోకాలెత్తు గోడలు, పూడిన బావి, చుట్టూ కంచె. దారి పక్కన రాతి దిమ్మె మీద ఫలకం. సముద్రం మీదుగా వచ్చేవాళ్ళ నుంచి మంచినీళ్ళ బావిని కాపాడటానికి ఈ కోట కట్టారని అరబిక్‌లో, ఇంగ్లీషులో రాసుంది.

గోడలు ఫోటోలో సరిగా పడటం లేదని దిమ్మె ఎక్కబోయాను. “ఎక్కకుండ్రి అమ్మా, రాయి కదులుతున్నది” అన్నాడు లింగన్న. ఒక్క నిమిషమేగా అంటూ ఎక్కాను. అంచు రాయి విరిగింది, దాంతోపాటు ఫలకం మూల పగిలి కింద పడింది. నేను దిగి పక్కకు జరిగాను. లింగన్న వంగి ఆ ముక్క ఎత్తుతుండగా కంచె దగ్గరి గదిలోంచి కాపలాదారు పరుగున వచ్చాడు. “తుమ్‌నే తోడా?” అంటూ, పగలగొట్టింది నువ్వేనా అని లింగన్నను గద్దించాడు. లింగన్న నా వైపు చూశాడు. స్కూల్లో తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుందోనని నేను ఫోన్‌లోకి తల దించుకున్నాను. కాపలాదారు మళ్ళీ అడిగాడు. “హా భాయ్, గల్తీ హోగయా” అని లింగన్న తప్పు ఒప్పుకున్నాడు. కాపలాదారు అతని పేరు, కారు నంబరు పుస్తకంలో రాసుకున్నాడు.

హైవే ఎక్కిన పావుగంటకు అడిగాను. “మీరెందుకు ఒప్పుకున్నారు లింగన్నా?”

“మీరు సప్పుడు చేస్తలేరు. వాడు అడుగుతనే ఉన్నడు. ఎవలో ఒకలు చెప్పాలె గద.”

“మీ కంపెనీకి తెలిస్తే?”

“డ్యూటీ బంద్ జేస్తరు. ఇంటికి పంపినా పంపుతరు.”

బండి వెనక్కి తిప్పమన్నాను. పగలగొట్టింది నేనని కాపలాదారుకు వచ్చీరాని హిందీలో చెప్పాను. అతను లింగన్న పేరు కొట్టేసి, నా గుర్తింపు కార్డు నంబరు రాసుకున్నాడు.

ఇంటి దగ్గర దిగుతూ క్షమించమన్నాను. మళ్ళీ ఎక్కడికైనా వెళ్ళాలంటే మీకే ఫోన్ చేస్తానన్నాను. లింగన్న తల అడ్డంగా ఊపాడు. “వేరే బండి చూస్కోండ్రి అమ్మా. మర్లొచ్చి చెప్పిన్రు, మంచిదే. గని అప్పుడు నేను మీ మొకం చూసిన.”

ఆదివారం కోటల బాగోగులు చూసే ఆఫీసుకు నన్ను పిలిచారు. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టాను. మందలించి వదిలేశారు. అంత తేలిగ్గా తేలిపోవడంతో నాకు ఇంకా సిగ్గేసింది. నాకు మందలింపుతో పోయేది, అతనికైతే బతుకుతెరువే పోయేది. తల దించుకున్నప్పుడే నాకా సంగతి తెలుసు.

మీరు వెళ్తే ఎండ ముదరకముందే చేరండి. అక్కడ నీడ లేదు, అంగడి లేదు. నీళ్ళ సీసాలు రెండు పెట్టుకోండి, ఒకటి డ్రైవరుకు.