బొగ్గు లేని గుట్ట

కొత్తగూడలో ఉండే మా అక్కకు అనుమానంలో ఆ మండలం మొత్తానికి సాటి లేదు. పాలబ్బాయి నవ్వితే పాలలో నీళ్లు కలిపాడంటుంది. నవ్వకపోతే నీళ్లలో పాలు కలిపాడంటుంది. అలాంటి మనిషికున్న మక్క చెలక, అంటే మొక్కజొన్న చేను, పక్కనున్న గుట్టకు ఒక సారు సుత్తె పట్టుకుని వచ్చాడు. ఆ రోజు నేను జనగామ నుంచి చుట్టపుచూపుగా వెళ్లి అక్కడే ఉన్నాను.

సారు అక్క చెలక గట్టు మీది బండకు ఒక్క దెబ్బ వేశాడు. ఆ చప్పుడుకు మూడు జిల్లాల కాకులు లేచి ఉంటాయి. విరిగిన ముక్కను భూతద్దంలో చూసుకుని, అప్పటికే బరువుకు సాగిన సంచిలో వేసుకున్నాడు. చివరికి ఆ బండకే ఎర్ర రంగుతో గుండ్రటి గుర్తు పెట్టి, "రేపొస్తా" అని బండి ఎక్కి వెళ్లిపోయాడు.

అక్క ముఖం మాడిపోయింది. భూపాలపల్లి వైపు మా చిన్నమ్మ పొలం బొగ్గు గనికి పోయింది. అక్కడా మొదట సుత్తె సారే వచ్చాడు. ఆ వెనుక రంగు, దాని వెనుక ఇల్లంతేసి తవ్వే బండ్లు. చిన్నమ్మ ఇప్పటికీ కంకులు కొనుక్కుని తింటూ కళ్లు ఒత్తుకుంటుంది.

"తమ్మీ, గది ఉత్త రంగు గాదు. నా చెలక మీద కన్నుబడ్డది."

"ఉత్తగ రాళ్లు జూసేటోడేమో అక్కా."

"రాళ్లు జూడనీకి గింత దూరమొస్తరా? మీ జనగామల రాళ్లు ఒడిసినయా?"

నిజమే. మా ఊళ్లో పిల్లాడు తప్పటడుగు వేసినా రాయికే తగులుతుంది. అక్క అనుమానం జలుబులా నాకూ అంటుకుంది. అసలు ఆ సంచి అంత బరువెందుకుంది?

మర్నాడు తెల్లవారేసరికి ఎర్ర గుర్తు లేదు. దాని మీద అరచేయి మందాన పసుపు, పళ్లెమంత కుంకుమ బొట్టు, వేపమండలు, కొట్టిన కొబ్బరికాయ ఉన్నాయి. అక్క చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి.

"మైసమ్మను తవ్వుతరా? తవ్వుమను, జూద్దాం."

సారు వచ్చి, తన గుర్తు కోసం వెతుకుతూ తెలియకుండానే అమ్మవారికి ప్రదక్షిణ చేశాడు. అక్క కొడవలి పట్టుకుని అడ్డం నిలబడింది.

"నిజం జెప్పు సారూ, గీ గుట్టల బొగ్గున్నదా?"

సారు నవ్వాడు. అక్క ఆ నవ్వునూ నమ్మలేదు. ఆయన బండ పక్కన మట్టి తుడిచి, రాతిలో గడ్డకట్టిన చిన్న చిన్న అలలు చూపించాడు.

"ఇక్కడ సముద్రం ఉండేదమ్మా. ఇవి దాని అడుగు ఇసుక మీద పడ్డ అలలు. తర్వాత నేల పక్కల నుంచి నొక్కుకుంటే ఆ అడుగంతా మడతలు పడి గుట్టయింది. అప్పటికి నేల మీద చెట్టన్నదే లేదు. చెట్టు లేనిదే బొగ్గెక్కడిది? భూపాలపల్లి వైపు నేల చీలి కుంగింది. అందులో అడవులు పూడిపోయి బొగ్గయ్యాయి. అదంతా కోట్ల ఏళ్ల తర్వాతి మాట. జనగామ వైపు రాయైతే వీటన్నిటికన్నా ముసలిది."

"మరి రంగెందుకు?"

"ముక్క ఎక్కడ తీశానో మరిచిపోకుండా."

"నీ మతిమరుపుకు నా గట్టే దొరికిందా?"

నా గుండెల మీది గుట్ట దిగిపోయింది. అక్క మాత్రం "సముద్రముంటే ఉప్పేది?" అంటూ బండను నాకి చూడటానికి వంగి, పసుపు చూసి ఆగిపోయింది.

అంతలో మైసమ్మ వెలిసిందన్న మాట విని వాడకట్టు జనమంతా గట్టు మీదికి వచ్చారు. ముందు నడుస్తున్న ఊరి పెద్దమనిషి చెప్పులు విడిచి, బండకు మొక్కి, తిన్నగా మక్కల్లోకి దిగి కాలితో గీత గీశాడు.

"చెల్లే, తల్లి నీ చెలకల్నే వెలిసింది. ఎంత పున్నెం జేసుకున్నవో! గీడ గద్దె, గాడ పందిరి, బోనాలు వండనీకి గా మూల దాంక. గీ మక్కలన్ని కోసెయ్యాలె."

అక్క మక్కల వంక, బండ వంక చూసింది. మైసమ్మను తానే పెట్టానంటే ఊరు ఊరుకోదు. స్థలం ఇవ్వనంటే మైసమ్మ ఊరుకుంటుందో లేదో అని అక్కకే భయం పట్టుకుంది. పచ్చటి చేతులు కొంగులో దాచుకుని సారును పక్కకు పిలిచింది.

"సారూ, సదువుకున్నోనివి, నీ మాట ఇంటరు. గీ రాయి కింద మస్తు బొగ్గున్నది, రేపో మాపో గని పడ్తది, గద్దె కట్టకుండ్రి అని జర జెప్పరాదు?"

సారు సంచిని గుండెకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కను కాలి గోటి నుంచి కొప్పు దాకా చూశాడు. నిన్నంతా అక్క ఆయన్ని చూసిన చూపే అది.