చార ఉన్న పన్ను

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి. నేను చీమకుర్తిలో పళ్ల క్లినిక్ పెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఒక వేసవి ఉదయం రమణమ్మ అనే ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. పైన ముందు పన్ను సగం విరిగి ఉంది.

ఆమె పుట్టింది కనిగిరి పక్క పల్లెలో. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి తాగినవాళ్ల పళ్ల మీద గోధుమ రంగు చారలు పడతాయి, ఎంత తోమినా పోవు. ఆమె పళ్లూ అంతే.

"ఎట్లా విరిగిందమ్మా?"

"మా ఆయన క్వారీలో రాళ్లు కోసేవాడండి. ఆ దుమ్ముకి ఊపిరితిత్తులు పోయినయ్యి. మొన్న ఊపిరాడక చెయ్యి విసిరితే, చేతిలో స్టీలు గ్లాసు నా మూతికి తగిలింది. అప్పట్నించి నా మొహం చూట్టం లేదు. ముద్ద పెట్టబోతే గోడవైపు తిరుగుతున్నాడు."

కాంపోజిట్‌తో కట్టాను. అది పంటి రంగులో ఉండే మెత్తని ముద్ద. పొరలుగా పెట్టి నీలి లైటు చూపిస్తే గట్టిపడుతుంది. చారలెందుకు, ఈ ఒక్క పన్నయినా తెల్లగా ఉంటుందిలే అని నేనే అనుకుని తెల్లటి షేడ్ ఎంచాను. పని చక్కగా కుదిరిందని కాస్త గర్వంగానే అద్దం చేతికిచ్చాను. ఆమె చాలాసేపు చూసుకుంది.

"బాగుందండి. కానీ ఆయనకి ముందు ఇదే కనపడుద్ది. చూసినప్పుడల్లా గ్లాసు తగిలిందే గుర్తొచ్చుద్ది. ఎప్పట్లాగా చార కావాలండి."

నాకు సిగ్గేసింది. అడగకుండా ఆమె నోటిని దిద్దబోయాను.

పై పొర తీసేశాను. ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పన్ను తడిగా ఉండగానే రంగు పోల్చాను. ఆరిన పన్ను ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. సన్నని బ్రష్‌తో గోధుమ రంగు అద్ది, దానిమీద పలుచని పొర వేశాను. చార ఎంతవరకు రావాలో ఆమే చెప్పింది.

రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చింది. నోటికి కొంగు అడ్డం లేదు.

"ఆయన పోయాడండి."

కుర్చీ చూపించాను. "మీ చేతి ముద్ద తిన్నాడా అమ్మా?" అన్నాను.

"మీరు పన్ను కట్టిన రోజే తిన్నాడండి. నా గడ్డం పట్టుకుని, 'విరిగింది ఏదే?' అన్నాడు. నువ్వే చూసి చెప్పు అన్నా. చానాసేపు చూసి పక్క పన్ను మీద వేలు పెట్టాడు. ఔనన్నా."

ఇప్పుడు ఎవరొచ్చినా, పంటి రంగు పోల్చే షేడ్ గైడ్ తీయక ముందు ఒక మాట అడుగుతాను, ఈ పన్ను ఎవరి కంటికి బాగుండాలి అని.